ఏడో నంబరు బనీను

తడి బనీను వాసన నాకు ఇప్పటికీ గిట్టదు. వానాకాలంలో తీగ మీద సగం ఆరిన బనీను కనబడితే చాలు, ముక్కు మూసుకుని పక్కకు తప్పుకుంటాను. నాది మరీ సున్నితమైన ముక్కని మా ఆవిడ అనుకుంటుంది. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

డెబ్బైల చివర హనుమకొండలో డిగ్రీ చదువుతూ మా కాలేజీ బాస్కెట్‌బాల్ టీంకు స్కోరు రాసేవాణ్ణి. నాకు ఆట రాదు. చేతిరాత బాగుంటుందని ఆటల సారు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ముత్యాల్లాంటి అక్షరాలని ఆయన నలుగురిలో అంటే గాల్లో తేలిపోయేవాణ్ణి.

స్కోరు షీటు పెద్ద విద్యేమీ కాదు. ఎవరైనా బుట్టలో బంతి వేస్తే పాయింట్ల వరసలో అతని బనీను మీది నంబరు రాయాలి. ఫౌల్ చేస్తే అతని పేరు ఎదురుగా ఉన్న గడిలో గీత కొట్టాలి. ఐదు గీతలు పడితే అతను ఇక ఆడకూడదు. ఆట అయిపోయాక ఏ నంబరుకు ఎన్ని పడ్డాయో కూడి ఎవరి పేరు ఎదురుగా వాళ్ళ పాయింట్లు వేయాలి. అంతే.

మా టీంకు బనీన్లు ఆరే మిగిలాయి. తక్కినవి ఎలుకలు కొట్టేశాయని సారు అనేవాడు, పాత సీనియర్లు ఇళ్ళకు పట్టుకుపోయారని మేం అనుకునేవాళ్ళం. ఆడేవాళ్ళేమో పదిమంది. ఉన్న ఆరూ సీనియర్లవి. జూనియర్లు తువ్వాళ్ళు కప్పుకుని పక్కన కూర్చునేవాళ్ళు. సీనియర్ అలిసిపోయి బయటికి వస్తే, పిండితే చెమట కారే బనీను విప్పి జూనియర్ మొహాన విసిరేవాడు. వాడు దాన్నే తొడుక్కుని దిగేవాడు. చూడలేక నేను మొహం తిప్పుకునేవాణ్ణి. రెఫరీలు కూడా చుట్టుపక్కల కాలేజీల సార్లే కాబట్టి ఎవరూ కాదనేవాళ్ళు కాదు.

ఏడో నంబరు కెప్టెన్‌ది. వరంగల్ చౌరస్తాలో వాళ్ళకు పెద్ద బట్టల దుకాణం. ఊళ్ళో సగంమందికి చొక్కాలమ్మే ఇంటివాడికి, టీంకు నాలుగు బనీన్లు తెద్దామన్న ఆలోచన మూడేళ్ళలో ఒక్కసారీ రాలేదు. అతను విప్పిన బనీను హసన్‌పర్తి నుంచి వచ్చే ఒక పొడుగాటి జూనియర్‌కు దక్కేది. వాళ్ళది కూలి చేసుకుని బతికే ఇల్లు. యూనివర్సిటీ టీంకు ఆడిన సర్టిఫికెట్ ఉంటే సర్కారు కొలువు దొరుకుతుందని అతనికి ఎవరో చెప్పారు. దాని కోసమే ఆడుతున్నానని నాతో దాచుకోకుండా అనేవాడు.

కాలేజీల మధ్య ఫైనల్ వచ్చింది. ఆ షీటు చూసే యూనివర్సిటీ టీంను ఎంపిక చేస్తారని అందరికీ తెలుసు. కెప్టెన్‌కు సిగరెట్ల పుణ్యమా అని సగం ఆటకే రొప్పు మొదలైంది. పైగా అప్పటికే నాలుగు ఫౌళ్ళు. బనీను విప్పి విసిరాడు, జూనియర్ దిగాడు. అక్కణ్ణుంచి మా పాయింట్లు దాదాపు అన్నీ అతనే వేశాడు. బుట్టలో బంతి పడ్డప్పుడల్లా నేను ఏడు వేశాను. ఏడు, ఏడు, మళ్ళీ ఏడు. ఒకదాని కింద ఒకటి చక్కగా కుదిరాయి.

మధ్యలో రెఫరీ విజిల్ వేసి ఏడో నంబరు ఫౌల్ అన్నాడు. నేను కెప్టెన్ పేరు దగ్గర గీత కొట్టబోతుంటే అతను ఉరుక్కుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏయ్, గది నాది కాదు. నాకు ఐదైతయ్. వాని పేర్ల రాయి."

తలెత్తి చూశాను. ఆడుతున్నది హసన్‌పర్తి అతనే. అతని పేరు ఎదురుగా గీత కొట్టాను. తర్వాత మరో రెండుసార్లు, ఎవరూ చెప్పకుండానే, అతని పేరు వెతుక్కుని కొట్టాను.

గెలిచాం. పాయింట్లు పేర్లవారీగా వేసే దగ్గర నా పెన్ను ఆగింది. ఏ ఏడు ఎవరిదో నాకు తెలుసు. దిద్దాలంటే పదకొండు చోట్ల కొట్టేసి పక్కన రాయాలి. ఇంతలో సారు వంగి చూసి, కొట్టివేతలు లేకుండా ఎంత ముద్దుగా ఉంది, యూనివర్సిటీకి పోయే కాగితమంటే ఇట్లుండాలె అన్నాడు. కెప్టెన్ నాకో సోడా తెచ్చిపెట్టాడు. తాగాను. ఏడుల పాయింట్లన్నీ అతని పేరు ఎదురుగా వేశాను. జూనియర్ పేరు ఎదురుగా సున్నా, మూడు ఫౌళ్ళు. భయపడి చేశానంటే కొంత నయంగా ఉండేది. నన్నెవరూ బెదిరించలేదు. నా కాగితం పాడవుతుందని చేశాను. థూ, అదీ ఒక బతుకేనా అనిపిస్తుంది.

కెప్టెన్ ఎంపికయ్యాడు. యూనివర్సిటీ టీంలో ఎవరి బనీను వాళ్ళకుంటుంది కాబట్టి అక్కడ అతనికి పాయింట్లు రాలేదు. సర్టిఫికెట్ మాత్రం వచ్చింది. ఫ్రేము కట్టించి దుకాణంలో తగిలించాడు. కొలువు అతనికి అక్కరే లేదు.

వారం తర్వాత నేను సారు గదిలో ఒక్కణ్ణే ఉండగా జూనియర్ వచ్చి షీటు కార్బన్ కాపీ అడిగాడు. తన పేరు మీద వేలు పెట్టి వరస చివరిదాకా జరిపాడు. నంబరు చూసి రాయడమే రూలని, నా చేతిలో ఏమీ లేదని నేను గబగబా చెప్పుకుపోయాను. అంతా విన్నాడు.

"ఫౌల్ రాసేటప్పుడు నా మొకం గుర్తువట్టినవు గదా అన్నా," అన్నాడు.

గొంతు పెంచలేదు. కాగితం నలగకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ ఏడు అతను పరీక్షలు రాయలేదని తర్వాత తెలిసింది.

ఎనభైల్లో నేను గుమాస్తానయ్యాను, ఆ చేతిరాత పుణ్యాన్నే. ఒకరోజు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి బస్సులో వస్తుంటే దారిలో సిమెంటు దుమ్ముతో కూలీలు ఎక్కారు. వాళ్ళలో పొడుగాటివాడు నన్ను చూసి, మనుషుల్ని తప్పించుకుంటూ నా సీటు దాకా వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"అన్నా, మంచిగున్నవా?" అన్నాడు నవ్వుతూ.

నేను కిటికీ వైపు తిరిగాను. హనుమకొండ వచ్చేదాకా నేను మెడ తిప్పలేదు.