జీపా, వనైతా

సల్వాలో మేము పనిచేసిన ఇంట్లో రెండు బండ్లు, ఇద్దరు డ్రైవర్లం. కువైత్‌లో ఏడు సీట్ల ఎత్తు బండి ఏ కంపెనీదైనా జీపే, వెనక తొట్టి ఉన్నది ఏదైనా వనైతే. జీపు నా చేతిలో ఉండేది. ఇంటి యజమానురాలిని మామా అనేవాళ్ళం. ఆమెను అంగళ్ళకు, పిల్లలను బడికి తిప్పేవాడిని. వనైతును నడిపే ఆయనను భాయ్ అనేవాడిని. ఆయనది రాయచోటి. ఇప్పుడు గడ్డాలు పెంచుతున్న ఆ ఇంటి కొడుకులు పాలసీసాలతో ఉన్నప్పుడే ఆయన అక్కడికి వచ్చాడట. నేను చేరి అప్పటికి ఏడాదిన్నర. మా ఊరు ఆయన ఊరికి బస్సులో గంట. ఒకే యాస మాట్లాడేవాళ్ళం, పక్కపక్క గదుల్లో పడుకునేవాళ్ళం. అయినా ఆ చలికాలం మేమిద్దరం ఒకరినొకరు నమ్మలేదు.

చలికాలంలో అక్కడివాళ్ళు ఎడారిలో టెంట్లు వేసుకుని సెలవులు గడుపుతారు. నవంబరులో, ఆ టెంట్లు దులిపి ఎండకు వేసిన రోజు, ఇంటి యజమాని నన్ను దివానియాకు పిలిచాడు. మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే ముందుగది అది. ఆయనను మేము బాబా అనేవాళ్ళం. సగం అరబ్బీ, సగం హిందీ కలిపి మాతో మాట్లాడేవాడు.

"శూఫ్," అన్నాడు, ఇటు చూడమని. "ఈసారి ఎడారికి వనైతుతో పాటు జీపు కూడా వస్తుంది. వానలో, ఇసుకలో, బురదలో ఏది జేన్, ఏది బాగోదు, టెంట్లు పీకేనాటికి నాకు చెప్పు. వచ్చే ఏడాది నుంచి ఎడారికి ఒక్క బండే."

"భాయ్‌ని కూడా అడిగినారా బాబా?"

"అతని మాట అతను చెబుతాడు. నీ మాట నువ్వు చెప్పు."

ఆ శుక్రవారం రిగ్గైలో మా ఊరాయన గదికి వెళ్ళాను. బండ్లు బాగుచేసే షెడ్డులో పని ఆయనది. మాంసం కూర పొయ్యి మీద ఉడుకుతుంటే ఈ సంగతి చెప్పాను. ఆయన గరిటె ఆపి నా వైపు చూశాడు.

"ఒక బండంటే ఒక డ్రైవరే కదప్పా. నీ ఇఖామా ఎప్పటికి?"

"ఏప్రిల్‌కి."

"టెంట్లు పీకేది మార్చిలో. ఇంగ నువ్వే చూసుకో."

ఆ మాటతో నాకు కూర రుచించలేదు. ఇఖామా అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి. కఫీల్, అంటే మనల్ని రప్పించుకున్న యజమాని, దాన్ని మళ్ళీ రాయించకపోతే పెట్టె సర్దుకోవలసిందే. బాబా బండ్ల గురించి అడగలేదని, మా ఇద్దరిలో ఎవరిని ఉంచుకోవాలో మా నోటితోనే చెప్పించుకోవాలని చూస్తున్నాడని ఆ రోజే తేల్చుకున్నాను.

అప్పటి నుంచి వనైతును దొంగను గమనించినట్టు గమనించాను. నా జీపుకు ఉన్నవన్నీ ఫోన్‌లో రాసుకున్నాను. అద్దాలు మూస్తే లోపల వెచ్చగా ఉంటుంది, మీట తిప్పితే నాలుగు చక్రాలూ లాగుతాయి, ఏడుగురు కదలకుండా కూర్చోవచ్చు. వనైతుకు లేనివి రాసుకున్నాను. ముందు ఇద్దరికే చోటు, వెనక కమానుపట్టీల మీద ప్రతి గుంతా నడుముకు తగులుతుంది. నీళ్ళ ట్యాంకూ కట్టెలూ గొర్రెల మేతా దాని వెనకే పోతాయని మాత్రం రాయలేదు. డిసెంబరు మొదట్లో ఒకనాడు సన్నగా వాన పడుతుండగా నేను వనైతు వెనకే వస్తున్నాను. కూడలి రౌండ్ తిరిగేచోట దాని వెనకభాగం పక్కకు జారి, మళ్ళీ సర్దుకుంది. ఖాళీ తొట్టి తేలిక కదా, తడి తారు మీద వెనక చక్రాలకు పట్టు దొరకలేదు. నాకు సంతోషమైంది. అదీ రాసుకున్నాను.

మరునాడు చూస్తే వనైతు తొట్టిలో, సరిగ్గా వెనక ఇరుసు మీదికి వచ్చేటట్టు, నాలుగు బస్తాలు. మీద పట్టా కప్పి తాడుతో కట్టేశాడు.

"ఏంది భాయ్ ఇవి?"

"ఇసుక."

"ఎడారికి ఇసుక తీసుకపోతాండావా?"

"చలికాలం కదబ్బీ," అని ఊరుకున్నాడు.

నాకు నమ్మకం కలగలేదు. ఆయన మసీదుకు వెళ్ళిన సమయం చూసి పట్టా లేపాను. ఒక బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాను. ఇసుకే. మళ్ళీ కట్టాను గానీ, ఆయన ముడి వేరు, నా ముడి వేరు. ఆయన చూసే ఉంటాడు. నన్ను అడగలేదు. అడగకపోవడంతో నా అనుమానం ఇంకా ముదిరింది.

ఆయనా ఊరికే లేడు. ఒక పొద్దున నేను బయటికి వచ్చేసరికి గోనెపట్ట పరుచుకుని నా జీపు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"ఏం చూస్తాండావు భాయ్?"

"కింద ఎంత ఎత్తుండాదో చూస్తాండా."

"ఎందుకు?"

"ఎత్తు తెలుసుకుంటే మంచిది కదా."

ఆ సాయంత్రమే నేను మామాతో వనైతు బ్రేకులు కీచుమంటున్నాయని చెప్పాను. అబద్ధం కాదు. కానీ తడి ఆరేదాకా మాత్రమే అవి కీచుమంటాయని చెప్పలేదు.

జనవరిలో పిల్లలకు సెలవులిచ్చారు. ఇంటి ఆడవాళ్ళంతా జహ్రా దాటి ఎడారిలో వేసిన టెంట్లలో దిగారు. బాబా తల్లి కూడా వచ్చింది. ఆమెను పెద్ద మామా అనేవాళ్ళం. బాబా, కొడుకులు ఆఫీసుల పనుల మీద ఊళ్ళోనే ఉండి, సెలవు రోజుల్లో మాత్రమే వచ్చేవారు. ఒక మధ్యాహ్నం మొదలైన వాన పొద్దుగూకేదాకా పడింది. ఎడారిలో వాన పడితే అక్కడి వాళ్ళకు పండగ. పిల్లలు తడుస్తూ గంతులేశారు. భాయ్ మాత్రం తలమీద సంచి వేసుకుని నేలను కాలితో తొక్కి చూస్తూ తిరిగాడు. చీకటి పడే ముందు నా దగ్గరికి వచ్చి, "నేల మెత్తగైంది. రేపు బండి తీసేముందు గాలి సంగతి చూసుకో అబ్బీ," అన్నాడు.

నాకు పని నేర్పుతున్నాడని ఒళ్ళు మండింది. సరేలే అన్నాను.

తెల్లవారి నేను లేచేసరికి వనైతు లేదు. నీళ్ళకు పోయాడని వంటమనిషి చెప్పింది. జీపు దగ్గరికి వెళ్ళి చూస్తే నాలుగు టైర్లూ సగం చప్పబడి ఉన్నాయి. మేకు దిగితే ఒకటి పోతుంది, నాలుగూ ఒక్కసారి పోవు. ఎవరో కావాలని గాలి తీశారు. ఎవరని ఎవరినీ అడగనక్కరలేదు. నిన్న గాలి సంగతి చూసుకోమన్నది వెక్కిరింపని ఇప్పుడు అర్థమైందనుకున్నాను. నేను అరిచి గోల చేయాలని, జీపు దారి మధ్యలో ఆగిపోవాలని ఆయన ఎత్తు. సరే, నేనూ నోరు మెదపను. జీపులో ఉన్న చిన్న పంపు తీసి, తారురోడ్డుకు పట్టినంత గాలి నాలుగింటికీ గట్టిగా పట్టాను. అంత తెలివిగా ఎప్పుడూ నడుచుకోలేదని కూడా అనిపించింది.

పంపు లోపల పెడుతుండగానే మామా కంగారుగా వచ్చింది. పెద్ద మామాకు గుండెల్లో పట్టేసినట్టుందట, ఊపిరి ఆడడం లేదట. "యల్లా, ఆసుపత్రికి," అంది, తొందరగా పదమని. ముసలామెను వెనక సీటులో కూర్చోబెట్టి దుప్పటి కప్పాము. మామా పక్కన కూర్చుంది.

బయట మంచు దట్టంగా పట్టి ఉంది. రోజూ పోయే దారిలో నీళ్ళు నిలవడంతో, ఎండినట్టు తెల్లగా, చదునుగా కనిపించిన నేల మీదుగా మళ్ళించాను. నూరు గజాలు పోయామో లేదో ముందు చక్రాలు దిగాయి. పైన ఎండిన పెచ్చు, కింద సబ్బులా జారే ఉప్పుబురద. నాలుగు చక్రాలకూ మీట వేశాను. నాలుగూ తిరిగాయి. గట్టి టైర్లు గునపాల్లా తవ్వుకుంటూ పోయాయి. ఇంజను ఆపేసరికి జీపు పొట్ట నేలకు ఆనింది.

పెద్ద మామా జపమాల తిప్పుతూ ఏదో గొణుగుతోంది. మామా ఫోన్‌లో బాబాతో మాట్లాడుతూ ఏడుస్తోంది. ఆయన ఊళ్ళో నుంచి రావడానికి గంట పైనే పడుతుంది. నేను పిలవగలిగిన మనిషి ఒక్కడే. ఫోన్ తీశాక కూడా కాసేపు నొక్కలేదు. ఆ కాసేపటికి నేను ఇప్పటికీ సిగ్గుపడతాను.

"యాడుండావు?" అన్నాడు భాయ్. చెప్పాను. "చక్రాలు తిప్పొద్దు. వస్తాండా."

మంచులో వనైతు లైట్లు కనిపించాయి గానీ దగ్గరికి రాలేదు. గట్టినేల మీదే, దూరంగా ఆపి, పార భుజాన వేసుకుని నడిచి వచ్చాడు. వచ్చినవాడు ముందు నన్ను చూడలేదు. వంగి టైరును బొటనవేలితో నొక్కాడు.

"గాలెవరు పట్టినారు?"

"నేనే."

"నేను పొద్దన్నే తీసింటి కదా. చప్పటి టైరైతే మెత్తనేల మీద పరుచుకుని తేల్తాది. గట్టిదైతే దిగబడతాది."

"తీసినావని నాకు చెప్పినావా?"

"నిన్ననే చెప్పింటి, గాలి సంగతి చూసుకోమని. నువ్వు లేవలేదు. నేనే తీసి నీళ్ళకు పోతి."

ఆయన వెనక తలుపు తీసి పెద్ద మామా ముందు వంగి భుజం అందించాడు. ఆమె ఎత్తుకోనివ్వలేదు. ఆ భుజం పట్టుకుని, చెప్పులు బురదలో వదిలేసి, అడుగులో అడుగు వేసుకుంటూ వనైతు దాకా నడిచింది. మామా ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంది. భాయ్ తాళం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు తీసుకపో. జీపు నేను తీస్తా."

ఆ క్షణంలో కూడా నాకు వచ్చిన ఆలోచన ఒకటే. నన్ను పంపించి, జీపును తానే పైకి లాగి, బాబా ముందు మంచి పేరు కొట్టేయాలని చూస్తున్నాడు. తాళం తీసుకున్నాను, అంతే. మంచి మాట ఒకటీ అనలేదు.

వనైతు నడపడం నాకు అదే మొదటిసారి. తారురోడ్డు ఎక్కాక మంచు ఇంకా చిక్కబడింది. ముందున్న లారీ వెనక దీపాలు అకస్మాత్తుగా ఎర్రగా వెలిగాయి. బ్రేకు తొక్కాను. వెనకభాగం జారుతుందని ఒళ్ళు బిగపట్టుకున్నాను. జారలేదు. నాలుగు బస్తాల బరువుకు వెనక చక్రాలు రోడ్డును పట్టుకుని నిలిచాయి. "శ్వయ్ శ్వయ్," అంది పెద్ద మామా, నెమ్మదిగా పొమ్మని. ఆమె కాళ్ళ బురద నా ప్యాంటుకు అంటింది. ఆసుపత్రిలో గుండెకు ఏమీ లేదని, చలికి ఛాతీలో కఫం పట్టిందని మందులిచ్చారు. అక్కడి నుంచి సల్వా ఇంటికే వచ్చేశాం.

భాయ్ మధ్యాహ్నం దాటాక సల్వాకు వచ్చాడు. టైర్లలో గాలి తగ్గించి, చక్రాల ముందు తవ్వి, టెంటులో నేలకు పరిచే చెక్కలు మోసుకొచ్చి వాటి కింద వేసి, ఒక్కడే జీపును బయటికి తీశాడట. మెడదాకా బురద. సాయంత్రం మామా నాతో చెప్పింది, భాయ్ బాబాకు ఫోన్ చేసి, నాకు దారి సరిగ్గా చెప్పకపోవడం తన తప్పేనని, నా తప్పు లేదని అన్నాడని. విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. లేని తప్పు మనిషి ఎందుకు నెత్తిన వేసుకుంటాడు? నన్ను జన్మంతా తన కింద ఉంచుకోవాలనా?

ఆ ప్రశ్న రెండు నెలలు మోశాను. మార్చిలో టెంట్లు పీకేటప్పుడు, మేకులు సంచిలో వేస్తూ, అడిగేశాను.

"ఆపొద్దు తప్పు నీదని బాబాకు ఎందుకు చెప్పినావు భాయ్?"

ఆయన చాయ్ గ్లాసు ఇసుకలో కుదురుగా పెట్టాడు.

"అంతకు ముందే నీ మీద ఒక మాట చెప్పింటి. కొత్తాయనకు తారురోడ్డు తప్ప ఏం రాదని. బాబా నిన్ను బండ్ల సంగతి అడిగినాడని తెలిసినాంక చెప్పింటి. అది మనసులో పొడుస్తాండె."

అంటే నా అనుమానం ఉత్తిది కాదు. నా మీద నిజంగానే చెప్పాడు. కోపం రావాలి. రాలేదు, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. నేనూ బ్రేకుల సంగతి మామాకు చెప్పానని, బస్తా విప్పానని ఒప్పుకున్నాను.

"ముడి చూస్తి," అన్నాడు. "యాముందనుకుంటివి అందులో?"

"ఏమో. ఇసుక కాదనుకుంటి."

ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత నన్ను నేల మీద నడిపించాడు. తడి ఇసుక గట్టిపడుతుంది, భయం లేదు. తడి మన్ను నమ్మరాదు. తెల్లగా పెచ్చు కట్టిన చోట ఎండినట్టు కనిపించినా దిగి కాలితో తొక్కి చూడకుండా పోకూడదు. అప్పుడు మనసు పెట్టి విన్నాను.

ఆ వారం బాబా అడిగాడు. కూర్చునేవాళ్ళకు జీపు, మోసేవాటికి వనైతు అని చెప్పాను. గాలీ బరువూ తెలియనివాడు నడిపితే రెండూ దిగబడతాయని, ఆ రోజు తెలియనివాడిని నేనేనని, తప్పు భాయ్‌ది కాదని కూడా చెప్పాను. బాబా ఆశ్చర్యపోయి, తర్వాత నవ్వాడు. ఆయనకూ తమ్ముడికీ దివానియాలో ఏది మేలని వాదన నడుస్తోందట, కొత్త బండి కొనేముందు మమ్మల్ని అడిగాడట. డ్రైవర్లను తీసేసే ఆలోచన ఆయనకు రానే లేదు. అలా అన్నాడు. సగమే నమ్మాను. ఏప్రిల్‌లో ఇఖామా చేతికి వచ్చాక మిగతా సగం నమ్మాను.

ఆయన కొన్నది రెండూ కానిది. నాలుగు తలుపులు, వెనక పొట్టి తొట్టి. తాళం తెచ్చి మా ఇద్దరి ముందు బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. దాన్ని ఎవరమూ ముట్టుకోలేదు.

"నువ్వే తీసుకో," అన్నాడు భాయ్ చివరికి. "నాకు మోకాళ్ళ నొప్పులు. అంత ఎత్తెక్కేది నాతో కాదు."

"నిజమేనా భాయ్?"

ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

"కొంత నిజమేలే," అన్నాడు.