ఆరో స్టెప్పు

వెబ్‌సైట్లు కట్టే తమ పాత ప్రోగ్రాంను ఆపేద్దామా అని కంపెనీవాళ్లు పంపిన ప్రశ్నపత్రంలో పదకొండు ప్రశ్నలున్నాయి. ‘ఈ ప్రోగ్రాం ఆపకండి’ అని చెప్పుకోవడానికి ఒక్కదానిలోనూ చోటు లేదు. ‘మా కొత్త ప్రోగ్రాంకు ఎప్పుడు మారతారు?’ అని అడిగి, కింద ‘ఈ నెల’, ‘వచ్చే నెల’, ‘ఇప్పటికే మారాను’ అని మూడు గడులిచ్చారు. ఇక దాన్ని అడగడమని ఎందుకనాలి? ఫాంట్లక్క పళ్లు కొరుక్కుంటూ ఆఖర్న ఉన్న ‘ఇతర అభిప్రాయాలు’ గడిలోకి దిగింది. అందులో రెండు వందల అక్షరాలకు మించి పట్టవు. పద్నాలుగేళ్ల కాపురానికి రెండు వందల అక్షరాలు!

కాపురమే మరి. టైపిస్టు ఉద్యోగం పోయాక, ముప్ఫై తొమ్మిదో ఏట, ఎవరూ నేర్పకుండానే ఆవిడ ఆ ప్రోగ్రాం నేర్చుకుంది. సైకిల్ షాపు మీది గదిలో, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని దానితోనే ముప్ఫై ఎనిమిది వెబ్‌సైట్లు కట్టింది. కళ్లజోళ్ల షాపుకి, డ్రైవింగ్ స్కూలుకి, పళ్ల డాక్టరుకి, ఎదురింట్లో కుట్టుపని చేసే దర్జీ అమ్మకి. ఫాంట్ల మీద, అంటే అక్షరాల అందం మీద, పట్టింపు ఎక్కువ కాబట్టి ఫాంట్లక్క అని పేరొచ్చింది. పేజీలో గీత వెంట్రుకవాసి పక్కకి జరిగినా ఆవిడకి అన్నం సయించదు.

అదంతా పొట్టకోసం. పొట్టకోసం కాని పని ఇంకొకటుంది. ఆ ప్రోగ్రాం వాడేవాళ్ల కోసం కంపెనీ ఒక ఫోరం పెట్టింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, అక్క అందులో కొత్తవాళ్ల సందేహాలు తీర్చేది. బొమ్మ కనబడట్లేదక్కా, మెనూ చెదిరిపోయిందక్కా అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు రాసేవాళ్లు. అడిగిందే అడిగినా విసుక్కునేది కాదు. ఇందుకు కంపెనీ పైసా ఇవ్వలేదు. ఒకసారి మాత్రం కంపెనీ పేరు అచ్చేసిన టోపీ పంపింది.

“ఇన్నేళ్ల చాకిరీకి భలే టోపీ పెట్టార్లే,” అని అత్తగారు దాన్ని మంచినీళ్ల కూజా మీద బోర్లించింది.

‘ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మీ మాటే మాకు ముఖ్యం’ అని ప్రశ్నపత్రం పైన రాశారు. అక్క నమ్మింది. నమ్మి నడుం కట్టింది. తెలిసినవాళ్లందరినీ కదిపి మూడు వందల పన్నెండు మంది చేత కంపెనీకి ఉత్తరాలు రాయించింది. పక్షుల ఫొటోల సైటు నడిపే ఒక పెద్దాయన, కళ్లు సరిగ్గా ఆనకపోయినా, మనవరాలి పక్కన కూర్చుని చెప్పి రాయించాడు.

పది రోజులకి జవాబొచ్చింది. ‘విశ్వాసపాత్రులైన మా వినియోగదారులకు’ అని మొదలు. ఒకవేళ మారాల్సి వస్తే పనికొస్తుందని, పాత ప్రోగ్రాం నుంచి సైటు ఎలా బయటికి తీసుకోవాలో ఎనిమిది స్టెప్పుల్లో రాసి జతచేశారు. మూడో స్టెప్పులో ‘ఉదాహరణకు, దర్జీ అమ్మ షాపుకి గురువారం సెలవు అనుకోండి’ అని ఉంది.

అక్క గ్లాసు కింద పెట్టేసింది. అవి తన మాటలు! నాలుగేళ్ల కిందట ఫోరంలో ఎవరికో తను రాసిచ్చిన జవాబు, కామాతో సహా దించేశారు. ఆ స్టెప్పుల కింద తేదీ చూస్తే, ప్రశ్నపత్రం కంటే రెండు నెలల ముందుది. తీర్పు రాసేసి, తరవాత సాక్షుల్ని పిలిచారన్నమాట.

“నా వేలితో నా కన్నే పొడిచారత్తయ్యా!”

“ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న,” అంది అత్తగారు. “విశ్వాసం నీకుంటే సరిపోతుందా? వాళ్లకీ ఉండొద్దూ?”

అంతటితో పోయినా బాగుండేది. ఆరో స్టెప్పులో ‘పాత ఫైలు చెరిపెయ్యండి’ అని ఉంది. నాలుగేళ్ల కిందట ఆ తప్పు రాసింది అక్కే. మర్నాడు నాలిక్కరుచుకుని, అదే చోట కింద దిద్దింది కూడా. సైటుకి వచ్చిన సందేశాలన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి, ముందు వాటిని విడిగా తీసి దాచుకోవాలి అని. కంపెనీవాళ్లు పైన ఉన్నది దించుకున్నారు, కింద చదివే ఓపిక లేకపోయింది. దర్జీ అమ్మకి జనం పంపిన కొలతలు, పక్షులాయనకి వచ్చిన ఉత్తరాలు, ఆరో స్టెప్పు చేస్తే అన్నీ బూడిదలో పోసిన పన్నీరే.

వాళ్లాయన బస్సు డ్రైవరు. డ్యూటీకి బయల్దేరుతూ విన్నాడు.

“పోనియ్యవే. తప్పు వాళ్లది, తిట్లు కూడా వాళ్లే తింటారు.”

“తిట్లు వాళ్లు తింటారు. పోయేవి ఎవరివి? నా మాట నమ్మి చేసేవాళ్లవి!”

ఫోరం తెరిచింది. ‘కొత్త సందేశాలు నిలిపివేశాం’ అని ఉంది. మాటమాత్రం చెప్పకుండా ఆ పొద్దున్నే తలుపులు మూసేశారు. ఒళ్లు మండి కంపెనీకి ఫోన్ చేసింది. పావుగంట పాట వినిపించాక ఒక అమ్మాయి ఎత్తింది.

“ఆరో స్టెప్పు తప్పమ్మా. అది చేస్తే జనం సందేశాలన్నీ పోతాయి. ఇవాళే తీసెయ్యండి.”

“మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది మేడం. సాంకేతిక విషయాలు నేను చూడనండీ.”

“మరెవరు చూస్తారు?”

కీబోర్డు చప్పుడైంది. “మా ఫోరంలో అడగండి మేడం. అక్కడ ఫాంట్లక్క అని ఒకావిడ ఉంటారు, వెంటనే చెప్తారు. మేమూ ఆవిడ రాసిందే చూసి చెప్తుంటాం.”

అక్క ఆ పిల్లని ఏమని తిడుతుంది?

“ఆవిడ మీ దగ్గర జీతానికి లేదమ్మా. ఫోరం పొద్దున్నే మూసేశారు. మీక్కూడా చెప్పలేదా?”

“లేదండీ,” అంది ఆ అమ్మాయి, ఈసారి మేడం అనకుండా.

ఫోన్ పెట్టేసి అక్క ఆ పాత ప్రోగ్రాంలోనే కొత్త పేజీ తెరిచింది. తన ముప్ఫై తొమ్మిదో సైటు. పైన పెద్ద అక్షరాలతో ‘ఆరో స్టెప్పు దగ్గర ఆగండి’ అని పెట్టింది. దిద్దిన స్టెప్పులన్నీ వరసగా రాసింది, దర్జీ అమ్మ గురువారం సెలవుతో సహా. అడుగున కంపెనీ పేరుండే చోట, ‘ఇవి రాసింది కంపెనీ కాదు, నేను. సందేహం వస్తే నన్నే అడగండి’ అని రాసింది. దాని కింది గీత కాస్త పక్కకి జరిగి ఉంటే సరిచేసి, అప్పుడు మూడు వందల పన్నెండు మందికీ పంపింది.