డబ్బాలో బోర్లించిన గిన్నె

బేరమాడటంలో నన్ను మించినవాళ్లు శంషాబాద్ బజారులో లేరు. స్టీలు సామాన్ల దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. ఎవరు ఏ ధర చెప్పినా అందులో సగం దగ్గరే నా నోరు తెరుచుకుంటుంది. ఆ విద్యతోనే ఒకప్పుడు నా కడుపుతో కూడా బేరమాడి, సగానికి ఒప్పించాను. అంతటి ఘనకార్యం మా బజారులో ఇంకెవరూ చేసి ఉండరు. నిన్న మధ్యాహ్నం దుకాణంలో ఒకావిడ టిఫిన్ డబ్బా కొంటూ, రేకు మందం తెలుసుకుందామని చెంచాతో దాని అడుగున కొట్టింది. ఖాళీ స్టీలు టంగుమంది. గల్లా వెనక కూర్చుని అన్నం తింటున్న నేను చేతిలో ముద్దను తిరిగి డబ్బాలో పెట్టేశాను. ఆ చప్పుడు వింటే నాకు రెహానా మేడం కళ్లు గుర్తొస్తాయి.

మేడం ఒకప్పుడు విమానాశ్రయంలో ఆడ ప్రయాణికులను తనిఖీ చేసే కాంట్రాక్టు ఉద్యోగి. ఆ పని పోయాక, మా చిన్నమామ ఫంక్షన్ హాలును పొద్దున పూట కిరాయికి మాట్లాడుకుని ఆడవాళ్లకు వ్యాయామం నేర్పేది. భర్త లేడు, ఇల్లంతా ఆ బ్యాచ్ మీదే నడిచేది. మెట్లెక్కితే నాకు ఆయాసం వస్తోందని, షుగర్ అంచు దాకా వచ్చిందని దవాఖానలో భయపెడితే, మా వీధి సునీతను తోడు తీసుకుని వెళ్లాను. మేడం భారీ మనిషి. మొదటిరోజే ఆమె ఒళ్లు చూసి, ఈ సరుకుతో దుకాణం ఎట్లా తెరిచిందని సునీత చెవిలో నవ్వాను. కాసేపటికి ఆమె పెళ్లికొడుకు కూర్చునే సింహాసనాన్ని ఒక్కతే ఎత్తి గోడ పక్కకు జరిపింది. నా నవ్వు అక్కడితో సరి.

హాలు మీదుగా విమానం పోతే మాట వినపడదు. అప్పుడు మేడం చెయ్యి పైకెత్తేది. అంటే, ఎవరి బరువు ఎక్కడుందో అక్కడే పట్టుకుని నిలబడాలి, చప్పుడు పోయేదాకా దించకూడదు. దుబాయికి పోయేవాళ్లకు మేము పెట్టిన శాపనార్థాలు తగిలి ఉంటే ఒక్క విమానమూ దిగేది కాదు. వ్యాయామం అయ్యాక ఆమె మమ్మల్ని ఇళ్లకు పంపేది కాదు. పెళ్లి భోజనాల బల్లల ముందు వరుసగా కూర్చోబెట్టి, తెచ్చుకున్న డబ్బాలు తన కళ్లముందే తినిపించేది. తిననివాళ్లు మర్నాడు రావద్దు. అదే ఆమె పద్ధతి.

నాకు ఆమె చెప్పింది రెండు జొన్నరొట్టెలు లేదా వాటికి సరిపడా అన్నం, గట్టి పప్పు, గుడ్డు, పెరుగు. సన్నబడటానికి వచ్చినదాన్ని కూర్చోబెట్టి మేపడం ఏమిటని నాకు మంట. “మేడం, మీ మాటా కాదు, నా మాటా కాదు. ఒక్క రొట్టె చేసుకుందాం” అన్నాను.

ఆమె పెద్దగా నవ్వింది. “సేటమ్మా, కిరాయి, కరెంటు బిల్లు కట్టకుంట నీ దుకాణం నడుపుతవా?”

“ఎట్లా నడుస్తుంది?”

“మరి ఒళ్లెట్ల నడుస్తది? మునుపు తిన్న దాంట్ల జర తగ్గించినం గద, గది సాలు. బరువులెత్తి గింతంత తింటే ఒళ్లు కండను తినుడు షురూ చేస్తది. కాంటా మీద తగ్గినట్టే కనపడతది. ఉత్తగ బలం పోతది.”

నాకు అర్థం కాలేదని అబద్ధం చెప్పను. దుకాణం భాషలోనే చెప్పింది, బాగానే అర్థమైంది. కానీ మొదట చెప్పిన ధరలో మిగులు పెట్టుకోకుండా ఎవరైనా చెబుతారా? రెండు రొట్టెలన్నదంటే ఆమె మనసులో ఒకటే ఉండి ఉంటుందని లెక్క కట్టాను. మర్నాడు డబ్బా అడుగున చిన్న గిన్నె బోర్లించి, దాని మీద పప్పన్నం పలచగా పరిచాను. పైనుంచి చూస్తే నిండు డబ్బా. బత్తాయిల బుట్టలో అడుగున గడ్డి కుక్కి పైన కాయలు పేర్చే ఉపాయమే. మా బజారులో అది పసిపిల్లలకు కూడా తెలుసు.

దుకాణం మూసే ముందు సామాన్లు తూచే పెద్ద కాంటా ఎక్కి చూసుకునేదాన్ని. ముల్లు తగ్గుతూ వచ్చింది. ఇంత మంచి బేరాన్ని నా ఒక్కదాని దగ్గరే దాచుకోవడం ఎందుకని ముందు సునీతకు చెప్పాను, తర్వాత బ్యాచ్‌లో ఇంకొందరికి. ఇక్కడ రాయడానికి చెయ్యి రాని మాట ఒకటుంది. ఆ చిన్న గిన్నెలు వాళ్లు కొన్నది మా దుకాణంలోనే. సిగ్గు లేకుండా డజన్ల లెక్కన తెప్పించాను.

తర్వాత దువ్వెన నిండా జుట్టు రావడం మొదలైంది. మండే ఎండలో కూడా వేళ్లు చల్లబడేవి. గిరాకీలను ఊరికే కసురుకునేదాన్ని. నెల కిందట అవలీలగా ఎత్తిన బరువు ఛాతీ దాకా రావడం లేదు. కాంటా కూడా కదలడం మానేసింది. మేడం నా చేతిలో బరువు తగ్గించింది, నడుమ విశ్రాంతి పెంచింది. అయినా లాభం లేకపోయేసరికి నా పక్కన కూలబడి, తన అరచేతులు చూసుకుంటూ మెల్లగా అంది: “మీ అందరికీ గిట్లనే అవుతున్నది. నేను నేర్పేదాంట్లనే ఏదో తప్పున్నట్టున్నది.” నేను నా డబ్బాను సంచిలోకి తోసుకున్నాను. మర్నాటి నుంచి ఆమె తన ఇంటి నుంచి ఉడికించిన గుడ్లు తెచ్చి మా డబ్బాల మూతల మీద పెట్టడం మొదలుపెట్టింది. వాటిని నేను రుమాలులో చుట్టి ఇంటికి పట్టుకుపోయేదాన్ని.

ఒకరోజు విమానం వచ్చింది, మేడం చెయ్యెత్తింది. బరువు తల మీద పట్టుకుని నిలబడ్డ సునీత అట్లాగే పక్కకు ఒరిగిపోయింది. మణికట్టు ఒంటి కింద పడి విరిగింది. ఆటో వచ్చేలోగా నాలుగు మెతుకులైనా తినిపిద్దామని మేడం సునీత డబ్బా తెరిచి చెంచా దించింది. టంగుమంది. చెంచాతో అన్నం పక్కకు తోసి, గిన్నెను వేలితో తాకి చూసింది. తర్వాత తలెత్తి సునీతను చూడలేదు, నన్ను చూసింది.

సాయంత్రం చిన్నమామ మేడాన్నీ నన్నూ హాలు ఆఫీసు గదికి పిలిచాడు. సునీత అత్తగారు వచ్చి గొడవ చేసి పోయిందట. “ఏందమ్మా, ఆడపిల్లలను ఉపాసముంచి బరువులు మోపిస్తున్నవంట?” అని మేడాన్ని అడిగాడు. మేడం నా వైపు తిరిగింది. కోపంగా కాదు. వరుసలో నా వంతు వచ్చినట్టు, అంతే. నేను లెక్కలు వేసుకుంటున్నాను. నోరు విప్పితే మామ అమ్మకు చెబుతాడు, సునీత అత్త దుకాణం మీదికి వస్తుంది, బజారంతా నవ్వుతుంది. ఆ లెక్క తెగేలోపే మేడం చెప్పేసింది: “నా బ్యాచ్‌ల పడ్డది. నాదే జిమ్మేదారి.” హాలు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. మరుసటి వారం నుంచి ఆ పొద్దుటి వేళను మామ క్యాటరింగ్ వాళ్లకు ఇచ్చాడు.

కొన్ని నెలలకు ఆమె షాద్‌నగర్‌లో బంధువుల ఇంట్లో ఉంటోందని తెలిసి బస్సెక్కాను. బస్టాండు నుంచి ఆ ఇంటి దాకా మాటలు కూడబలుక్కుంటూ నడిచాను. డబ్బాలో గిన్నె బోర్లించానని చెప్పాను. సునీతకు నేర్పిందీ నేనేనని, గిన్నెలు అమ్మానని, ఆమె పెట్టిన గుడ్లు తినలేదని చెప్పలేదు. క్షమాపణను కూడా సగానికే తెగ్గొట్టాను.

ఆమె అంతా విని, “ఇంకేమన్న ఉన్నదా?” అని అడిగింది.

“అంతే మేడం.”

“సరే. ఇగ తిను.” పెనం మీది జొన్నరొట్టె తీసి నా ముందు పెట్టింది, ఇంకోటి దాని మీద వేసింది. రెండూ తిన్నాను. ఆమెను చూడటం అదే ఆఖరు.

ఇప్పుడు పొద్దున బరువులెత్తుతాను, ఆమె చెప్పిన కొలతకే తింటాను. డబ్బా అడుగు దాకా అన్నమే ఉంటుంది. చిన్నమామకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఇది అచ్చయ్యాక ఆయనే చదువుకుంటాడు.

ఇక లెక్క. నేను ఆకలితో తగ్గించుకున్న బరువు ఏడాది తిరక్కుండా నా దగ్గరికే వచ్చింది. తర్వాత కడుపునిండా తింటూ మెల్లగా తగ్గిందే నిలబడింది. సునీత ఆ చేత్తో నిండు బిందె ఎత్తలేదు. రెహానా మేడానికి బ్యాచ్ పోయింది, హాలు పోయింది, ఊళ్లో మంచి పేరు పోయింది. గిన్నెల మీద లాభం నాకు వచ్చింది. ఇందులో తగ్గించడానికి ఏమీ లేదు.