వేపచెట్టుకు నేను పెట్టని ఎర్ర గీత

2022లో చలికాలం వెళ్ళిపోయే రోజులు. ఉప్పల్ నుంచి నాచారం దాకా వేపచెట్లన్నీ మాడిపోయినట్టు గోధుమరంగుకు తిరిగాయి. నేను హార్టికల్చర్ విభాగంలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. పొద్దున లేస్తే ఫోన్లే. అందరిదీ ఒకటే మాట, చెట్టు చచ్చిపోయింది, కొట్టేయండి అని.

చచ్చిపోలేదు మహాప్రభో! దాన్ని డైబ్యాక్ అంటారు. అంటే కొమ్మలు చివర్ల నుంచి కిందికి ఎండుతూ రావడం. ఒక చిన్న పురుగు లేత చిగుళ్ళ రసం పీలుస్తుంది, ఆ గాయంలోంచి ఫంగస్ లోపలికి దిగుతుంది. అదను తప్పి కురిసే వానలకు అది మరింత రెచ్చిపోతుంది. వేప ఆ చివరి కొమ్మల్ని వదిలేసుకుని, మానులో, వేళ్ళలో దాచుకున్న బలంతో ఎండలు ముదిరేలోపు మళ్ళీ చిగురేస్తుంది. ఇది చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

నాచారంలో ఒక కాలనీ అసోసియేషన్ సెక్రటరీ అర్జీ పెడితే చూడడానికి వెళ్ళాను. గేటు పక్కన పెద్ద వేప. మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా వదలకుండా సిమెంటు పోసి పెట్టారు, నీళ్ళు ఎక్కడినుంచి తాగుతుందనుకున్నారో! చెట్టు కింద ఇస్త్రీ బండి. జనగామ వైపు నుంచి వచ్చిన రాజమణి ఏళ్ళ తరబడి ఆ నీడలోనే బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"మేడం, ఇది సచ్చిపోయిందంటున్నడు సారు. నిజమేనా? ఇది పోతే ఎండల బొగ్గులపెట్టె పట్టుకొని నేనెట్ల నిలవడాలె?" అని అడిగింది.

గోటితో బెరడు గీకి చూపించాను. లోపల పచ్చగా ఉంది. "సూడక్కా, బతికే ఉంది. నెల రోజులు ఓపిక పట్టు" అన్నాను. ఆమె ముఖం తేటపడింది.

సెక్రటరీ ముఖం మాత్రం మాడింది. ఎండాకులు ఆయనగారి కారు మీద పడుతున్నాయట. "ఎండిన కొమ్మలన్న తీసెయ్యనియ్యిండ్రి మేడం, పిల్లల మీద పడ్తయి" అన్నాడు. అది న్యాయమైన మాటే. ఎండుకొమ్మల వరకు తీయడానికి పర్మిషన్ రాశాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడ కోయాలో అక్కడ కొమ్మకు ఎర్ర పెయింటుతో గీత పెడతాం. గీత దాటి రంపం పడితే తప్పు కోయించినవాళ్ళదే. ఆ రోజు నా వెంట నిచ్చెన లేదు. మల్కాజిగిరిలో ఇంకో అర్జీ చూడాల్సి ఉంది. ఎండినదేదో పచ్చిదేదో కళ్ళున్నవాళ్ళకు తెలియదా అనుకున్నాను. సంతకం పెట్టి బండెక్కాను.

కాలనీవాళ్ళు ఆదివారం పొద్దున కోయించారు. రాజమణి ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళే వేళ చూసుకుని మరీ కోయించారు. ప్రార్థన ముగించుకుని వచ్చిన మనిషి నాకు ఫోన్ చేసి మాట్లాడలేక ఏడ్చింది. నేను వెళ్ళేసరికి ఒట్టి మాను మిగిలింది. తొడంత లావు కొమ్మలు రోడ్డు మీద పడున్నాయి. కోసిన ప్రతిచోటా తడి, పచ్చి వాసన.

"వీటినెవరు కోయమన్నరు?"

"మీ కాగితమే గద మేడం. ఎక్కడిదాకనో మీరు గీత పెట్టకపోతిరి" అన్నాడు సెక్రటరీ, ఎంతో మర్యాదగా. "అయినా వేప మస్తు మొండిది. ఏం గాదు, మళ్ల వస్తది."

నడిరోడ్డు మీద ఆయన్ని కడిగేశాను. ఆయన మీద రిపోర్టు రాశాను. మొదలు చుట్టూ సిమెంటు పగలగొట్టించేదాకా అక్కడినుంచి కదల్లేదు. కానీ ఏం లాభం? కోసింది అతుక్కోదు కదా.

ఇప్పటికీ నన్ను మండించేది ఆ "మళ్ల వస్తది" అనే మాటే. ఎండను తట్టుకుంటుంది, పురుగును తట్టుకుంటుంది, కాబట్టి మన రంపాన్నీ తట్టుకోవాలట! అది ఓర్చుకుంటుందని తెలిసే కదా ఇంత ధైర్యంగా నరుకుతున్నాం. దాని ఓర్పు మనకు ఇచ్చిన పర్మిషనా?

ఏప్రిల్‌లో మాను నిండా రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. సంతోషం పట్టలేక రాజమణికి చూపించబోయాను. ఆమె ప్లాస్టిక్ పట్టా కింద, తలకు తడిగుడ్డ చుట్టుకుని, నిప్పుల పెట్టె ముందు నిలబడి ఉంది. ముఖం కమిలిపోయింది.

"సూసిన మేడం. చిగురొచ్చింది. నీడెప్పుడొస్తది?"

నాలుగైదేళ్ళు పడుతుందని నాకు తెలుసు. మే నెలలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడిపోయిందని విన్నాను. ఆ తర్వాత బండి అమ్మేసి, చర్లపల్లిలో ఏదో కంపెనీలో ఊడ్చే పనికి కుదిరింది.

అప్పటినుంచి నా చేత్తో నేను గీత పెట్టనిదే ఏ కాగితం మీదా సంతకం చేయలేదు. ఆఫీసులో నన్ను చాదస్తురాలు అంటారు. అననీ. వేప మాత్రం ఆ సెక్రటరీ అన్నట్టే తట్టుకుంది, ఈ ఏడు గుబురుగా ఉంది. దాని కింద ఆయన కారు పెట్టుకుంటున్నాడు.