అంతా మంచిగనే ఉంది సార్

కొత్త జిల్లాలు ఏర్పడ్డ మరుసటి ఏడాది జూన్‌లో నన్ను మహబూబాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీకి రాజనీతిశాస్త్రం అధ్యాపకురాలిగా బదిలీ చేశారు. కుర్చీలో సరిగా కూర్చోకముందే ప్రిన్సిపాల్ ఇంకో పని తగిలించారు. మా విశ్వవిద్యాలయం అప్పుడే ‘విద్యార్థి సలహాదారు’ అనే పద్ధతి మొదలుపెట్టింది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నుంచి ఒక్కో డిగ్రీ విద్యార్థిని ఉపకులపతి సమావేశంలో కూర్చోబెట్టాలి. వాళ్లకు ఓటు ఉండదు, అడిగినప్పుడు మాట్లాడవచ్చు. ఈ ముగ్గురికీ నేను సమన్వయకర్తను. పేరు ఘనంగానే ఉంది కానీ, పని మాత్రం వెంటబెట్టుకుపోయి తీసుకురావడమే.

మా కాలేజీ నుంచి సునీత ఎంపికైంది. కురవి దగ్గర తండా పిల్ల. ఇంట్లో లంబాడీ మాట, మాతో తెలుగు. భూపాలపల్లి తరఫున రేగొండ రాజ్‌కుమార్ వచ్చాడు, నోరు ఆగేది కాదు. జనగామ నవీన్ అడిగితే తప్ప పలికేవాడు కాదు. ముగ్గురూ తమ కాలేజీల్లో తోటివాళ్ల కోసం ప్రిన్సిపాళ్లతోనే వాదించినవాళ్లు. నాకు వాళ్ల మీద మంచి ధీమా ఉండేది.

మొదటి సమావేశం ఫిబ్రవరి చివర్లో విశ్వవిద్యాలయం పరిపాలన భవనం మూడో అంతస్తులో జరిగింది. లిఫ్టు లేదు. నా మోకాళ్లు మెట్టు మెట్టుకూ నన్ను తిట్టుకున్నాయి. ఉపకులపతి మంచి మనిషి. మీకేం ఇబ్బందులున్నాయో చెప్పండని తనే అడిగారు. సునీత లేచి, “అంతా మంచిగనే ఉంది సార్” అని కూర్చుంది. రాజ్‌కుమార్ కూడా అదే మాట. నవీన్ తల ఊపాడు. రిజిస్ట్రార్ ఆ మాటను అట్లాగే మినిట్స్‌లో రాయించారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే సునీతను ఆ సెమిస్టరు పరీక్ష రాయనివ్వరని నాకు తెలుసు. హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలి. మిర్చి ఏరే కాలంలో తల్లితో కూలికి పోవడంతో ఆమెది పడిపోయింది. హాజరు కొంత తగ్గినవాళ్లకు మినహాయింపు ఉంటుంది, దాన్ని కండోనేషన్ అంటాం. కానీ అది జబ్బు పడ్డవాళ్లకే. డాక్టరు సర్టిఫికెట్ పుట్టించడం ఊళ్లో పెద్ద పనేం కాదు. తోటి పిల్లలు చాలామంది తెచ్చుకున్నారు. ఈమె తేలేదు. “రాని జరం వచ్చిందని ఎట్ల రాపిచ్చుకోవాలె మేడం?” అంది. ఏడాది పోతే ఇంట్లో ఇక చదువు చాలంటారనీ ఆమే చెప్పింది.

సమావేశం అయ్యాక క్యాంటీన్‌లో టీ ముందు పెట్టుకొని ముగ్గురినీ కడిగేశాను. మధ్యలో రాజ్‌కుమార్ సునీత మీదికి తిరిగాడు. “పరీక్షే ఆగిపోతున్నది గదా, ఎందుకు జెప్పలే?”

“నా సంగతి నేనెట్ల జెప్పుకుంట? పెద్దసారు ముంగట నా ఏడుపేంది? నీ బస్సు సంగతి నువ్వు జెప్పినవా మరి?”

నాకు అప్పుడు వెలిగింది. తోటివాళ్ల కోసం వీళ్లు ఎంత దూరమైనా పోతారు. సొంత కష్టం పెద్దల ముందు పెట్టడం మాత్రం చేయి చాచినట్టే లెక్క. ఇక్కడ పుట్టినదాన్ని, నాకు ఆమాత్రం తెలియాలి. ఈసారి ఎవరి సంగతి వాళ్లు ఎత్తొద్దు, పక్కవాళ్లది చెప్పండి అన్నాను.

పరీక్షలకు ముందు జరిగిన రెండో సమావేశంలో రాజ్‌కుమార్ లేచాడు. “సార్, ఈమె మిర్చి ఏరవోయింది. గందుకే హాజరు తక్కువైంది. జరం వచ్చిందని దొంగ కాగితం తెచ్చినోళ్లు పరీక్ష రాస్తున్నరు. నిజం జెప్పినామె ఆగిపోతున్నది. గిదేం రూలు సార్?”

ఉపకులపతి సునీతను నిజమేనా అని అడిగారు. ఆమె తల వంచుకొని, “నాది గట్లుండనియ్యుండ్రి సార్. ముందుగాల ఈ రాజ్‌కుమార్ సంగతి వినుండ్రి” అని, రేగొండ నుంచి వచ్చే మొదటి బస్సు పరీక్ష మొదలయ్యాక గానీ కాలేజీకి చేరదని చెప్పింది. ఉపకులపతి నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

రూలు ఒప్పుకోదని రిజిస్ట్రార్ అడ్డుపడ్డారు. ఆయన ఉద్యోగం అది, తప్పు పట్టను. చివరికి కూలిపనికి పోయి వెనకబడ్డవాళ్లకు సాయంత్రాలు అదనపు తరగతులు పెట్టి, ఆ హాజరు కలపాలని తీర్మానించారు. సునీత ఆ తరగతులకు కూర్చుంది, పరీక్ష రాసింది, పై ఏడాదికి వచ్చింది. రేగొండ వైపు పిల్లలకు పరీక్షలు మధ్యాహ్నానికి మారాయి.

మరుసటి ఏడాది నేను రిటైరయ్యే ముందు ఆఖరి సమావేశం. అదే మూడో అంతస్తు. ఇన్నాళ్లు పనిచేశారు, మీకేమైనా ఇబ్బంది ఉంటే చెప్పండమ్మా అని ఉపకులపతి అడిగారు. నా నోట తన్నుకొచ్చిన మాట, “ఏం లేదు సార్, అంతా మంచిగనే ఉంది.”

పక్కన సునీత చెయ్యి ఎత్తింది. “మా మేడంకు మోకాళ్ల నొప్పులున్నయి సార్. ఎన్నడూ జెప్పదు. ఇప్పటిసంది వచ్చే మేడంలకైనా మీటింగు కింద పెట్టుండ్రి.”

ప్రతినిధిని ఎన్నుకునేటప్పుడు ఎవరు బాగా మాట్లాడతారో చూస్తాం. ఎవరి కోసం మాట్లాడగలరో చూడాలి. ఉద్యోగం మొత్తంలో నేను నేర్చుకున్న రాజనీతిశాస్త్రం ఇంతే. ఆ తర్వాతి సమావేశం కింది అంతస్తులోనే పెట్టారట.