బకెట్లో వెలిగే లైటు

విజయవాడలో నా టార్చిలైట్ల కొట్టు పక్కనే ఇంకొకాయనది కూడా టార్చిలైట్ల కొట్టే. బడికి పోకపోయినా నేను పెట్టె మీది ఇంగ్లీషు కూడబలుక్కుని, ఏది ఎంత లోతు నీళ్లకు ఆగుతుందో కొనేవాళ్లకు వివరంగా చెప్పేవాణ్ని. రాత్రిళ్లు తోటలకు నీళ్లు పెట్టుకునే ఉయ్యూరు చెరకు రైతులు తలలూపుతూ అంతా విని, నేరుగా ఆయన దగ్గరికి పోయేవారు. నాకు ఒళ్లు మండేది.

ఆయన ఒక్క ముక్క వివరించేవాడు కాదు. తలకు కట్టుకునే లైటు వెలిగించి, నేలకేసి కొట్టి, నీళ్ల బకెట్లో పడేసేవాడు.

"టీ తాగండి బాబాయ్, ఈలోగా అది నీళ్లు తాగుద్దేమో చూద్దాం" అనేవాడు.

టీ అయ్యేసరికి లైటు బకెట్టు అడుగున వెలుగుతూనే ఉండేది. ఇద్దరం సరుకు తెచ్చేది ఒక్కచోటి నుంచే. అదీ నా మంట.

వరద నీళ్లు మా వీధిలోకి వచ్చిన సాయంత్రం, కరెంటు పోయాక, మా ఆవిడ తలకు లైటు కట్టుకుని నీళ్లలోకి దిగింది. అది ఆయన కొట్లో కొన్నది.

"ఇంటినిండా మనవి ఉండగా అదెందుకే?" అన్నాను.

"మీరు చదివి చెప్పారండీ. ఆయన ముంచి చూపించాడు."

ఆ తర్వాత కొన్నాళ్లకు ఆయన పోయాడు. ఆ లైటును నేను ఇప్పటికీ బకెట్లో వేసి, పక్కనే కుర్చీలో కూర్చుని టీ తాగుతుంటాను, ఒక్క చుక్కయినా లోపలికి పోకపోతుందా అని.

పోదు.