జత అమ్మని జీవమ్మ

నంద్యాల పాత బస్టాండు వెనక సందులో "జీవజలం అక్వేరియం" అని ఒక అంగడి ఉంది. అక్కడ చేప కొనాలంటే చేతిలో దుడ్లుంటే చాలదు, జీవమ్మ ఒప్పుకోవాలి. అద్దం మీద వేలితో టకటకా కొట్టారో, ఇక మీ పని అయిపోయినట్టే. "నీ ఇంటి తలుపు పొద్దస్తమానం ఇట్ల కొడ్తాంటే నీకెట్లుంటాది? పో, బజార్లో ప్లాస్టిక్ చేప కొనుక్కోపో" అని మొహం మీదే చెప్పేస్తుంది. ఎస్సై గారి బామ్మర్దినీ అలాగే పంపింది, తమ చర్చి పాస్టరమ్మనీ అలాగే పంపింది. పాస్టరమ్మ రెండు వారాలు అలిగి మూడో వారం చేతులు కట్టుకుని వచ్చి రెండు గోల్డ్ ఫిష్‌లు కొనుక్కుపోయింది. ఎందుకు రాదు? జీవమ్మ ఇచ్చిన చేప చావదు మరి.

ఆమెకు చదువు పదో తరగతి. అది కూడా రెండు దఫాలు రాసిన పది. భర్త యోహాను ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఇరవై రెండేళ్ల కిందట క్రిస్మస్‌కని పిల్లలకు చిన్న గాజు తొట్టి, ఆరు చేపలు తెచ్చాడు. వారం తిరిగేసరికి ఆరూ వెల్లకిలా తేలాయి. ఇంకెవరైనా అయితే తొట్టి అటకెక్కించి ఊరుకునేవాళ్లు. ఈమె మాత్రం అది తనకు జరిగిన అవమానం అనుకుంది. కుళాయి నీళ్లలో మందు కలుపుతారనీ, రెండ్రోజులు తెరిచి పెడితే గానీ ఆ ఘాటు పోదనీ నలుగురినీ అడిగి తెలుసుకుంది. మళ్లీ ఆరు తెచ్చింది. ఒక్కటీ చావలేదు. ఏడాదికి ఇంటి వరండా నిండింది, మూడేళ్లకు అంగడి పెట్టింది. యోహాను ఇప్పుడు రిటైరై ఇంట్లో వంట చేస్తాడు, అంగట్లో ఏం మాట్లాడడు.

ఆమె తెలివి మీద ఆమెకు గురి. అందులో అబద్ధం ఏమీ లేదు. తప్పు చేయడం అంటే ఏమిటో మరిచిపోయినంత గురి, అదొక్కటే చిక్కు.

నాలుగేళ్ల కిందట మద్రాసు నుంచి వచ్చిన సరుకులో రెండు కొత్త జీవాలు వచ్చాయి. రొయ్య ఒళ్లు, ఎండ్రకాయకుండే కత్తెర డెక్కలు, వీపంతా పాలరాతి మీద మరకల్లాంటి చారలు. క్రేఫిష్ అంటారు గానీ మనవాళ్లకు అది ఎండ్రకాయే, జీవమ్మకు డెక్కల రొయ్య. పెద్దదానికి జీవమ్మ రాణి అని పేరు పెట్టింది. చిన్నది మగదై ఉంటుందిలే అనుకుంది. చిన్నది నెలకే చచ్చిపోయింది, రాణి మాత్రం తోక కింద గుడ్ల గుత్తి పెట్టుకుని పిల్లలు చేసింది. ఆ తర్వాత కూడా చేస్తూనే ఉంది. ఒంటిది ఎలా చేస్తుందని యోహాను ఒకసారి అడిగితే, "గప్పీ చేప చూడలేదా? ఒక్కసారి మగదాంతో కలిస్తే చాలు, నెలల తరబడి పిల్లల్ని పెడ్తానే ఉంటాది. ఇదీ అంతే" అని నోరు మూయించింది. గప్పీల సంగతి నిజమే. చేపలు తెలిసినవాళ్లు మాత్రమే పొరబడే చోటది.

పుట్టిన పిల్లల్ని చాలావరకు పెద్ద చేపలకు మేతగా వేసేది. కొన్నింటిని అమ్మింది. అయితే దానికో కట్టడి పెట్టుకుంది. నంద్యాల పక్కనే కుందూ ఏరు, ఊళ్ల మీదుగా పోయే కేసీ కాలవ. వద్దనుకున్న చేపను చంపడానికి చేతులు రాక కాలవలో వదిలేయడం మనవాళ్లకు అలవాటు. అందుకని "డెక్కల రొయ్య జత అమ్మబడదు" అని అట్టముక్క మీద రాసి వేలాడదీసింది. ఇంటికి ఒక్కటే, అదీ గోరంత పిల్లప్పుడే. ఒంటిది ఎక్కడికి పోయినా ఏం చేయగలదు, ముసలిదై చస్తుంది అంతే. ఆ అట్టముక్కను చూసుకున్నప్పుడల్లా ఆమె తన బుద్ధికి తానే ముచ్చటపడిపోయేది. అలా ఏడు ఇళ్లకు ఏడు అమ్మింది.

ఈ ఏడు కాలవకు నీళ్లు వదిలిన పదిహేనో రోజు పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోను వచ్చింది. విగ్రహాలు చెక్కే దేవరాజు భార్య నాగేశ్వరమ్మ. వాళ్ల రాతి తొట్టిలోకి దోమ పురుగులు తినడానికని ఒక పిల్లను కొనుక్కుపోయి ఏడాదైంది.

"జీవమ్మా, మీ ఎండ్రకాయ ఈనింది!" అంది నాగేశ్వరమ్మ సంబరంగా. "బిడ్డలు బయటపడి ఈ పొద్దుటికి పదకొండో రోజు. పురుడు చేసి, పొద్దువాలేలోపు తల్లినీ పిల్లల్నీ కాలవలో ఇడుస్తాండాం. నీకు చెప్పకుంటే బాగుండదని చేసినా."

జీవమ్మ మేత డబ్బాకు మూత పెట్టేసింది. గోరంతప్పుడు అంగడి దాటిన పిల్ల అది. పోయాక ఇంకో డెక్కల రొయ్య మొహం చూడలేదు. గప్పీ కథ దానికి అతకదు.

"అక్కా, నేను వచ్చేదాకా దాన్ని కదిలించొద్దు. నీకు దండం పెడ్తా" అంది. అంగడి మూసేసి, పట్టపగలు షట్టరు దించిన జీవమ్మను సందులో వాళ్లంతా వింతగా చూస్తుండగా బస్సెక్కింది.

బస్సులోంచి ప్రియదర్శినికి ఫోను చేసింది. ఆ పిల్ల డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది, చేపల కోసం అంగడికి వస్తూ ఉంటుంది. చారలు, డెక్కలు, తోక కింద గుడ్లు అన్నీ అడిగి తెలుసుకుంది ప్రియదర్శిని.

"ఆంటీ, ఆ జాతిలో మగదే లేదు. అన్నీ ఆడవే. గుడ్డు దానంతటదే పిల్లవుతుంది, పిల్ల అచ్చం తల్లిలాగే ఉంటుంది. ఆ పిల్ల పెరిగి మళ్లీ ఒంటిగానే వందల్లో పెడుతుంది. బురదలో బొక్క చేసుకుని బతుకుతుంది, తడి ఉంటే గట్టు మీద నడిచి పక్క మడిలోకి పోతుంది. ఒక్కటి కాలవలో పడితే చాలు, ఇక ఎవరివల్లా కాదు."

"అంటే నా బోర్డు?"

"జత అమ్మినా, ఒకటి అమ్మినా ఒకటే ఆంటీ."

సిరివెళ్ల దాటేదాకా జీవమ్మ కిటికీలోంచి కాలవనే చూసింది. రెండు పక్కలా కొత్తగా నాటిన వరి. ఒంటిదాన్ని అమ్మానని ఇన్నాళ్లూ మురిసిపోయింది గానీ, ఏడు విత్తనాలు ఏడు ఊళ్లకు పంచిపెట్టిందన్నమాట. ఏడ్చే మనిషి కాదు కాబట్టి మిగతా ఆరిళ్లకూ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. "నీ రొయ్య వెనక్కి ఇచ్చేయాల. ఎందుకని అడగొద్దు, వచ్చి చెప్తా. కాలవలో గానీ ఏసినావంటే నీ ఇంటికొచ్చి కూచుంటా!" చాగలమర్రి ఆయనది కాకి ఎత్తుకుపోయిందట. కోయిలకుంట్ల ఆమె, "అయ్యో, మాది కూడా తోక కింద ఏదో పెట్టుకుందే!" అంది. "మూతేసి పెట్టు, కదిలించొద్దు" అంది జీవమ్మ.

ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. దేవరాజు షెడ్డు ముందు నలుగురైదుగురు ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. పీట మీద ఇత్తడి బిందె, దానికి పసుపు కుంకుమ, పక్కన వేపరెమ్మ, తపేలా నిండా శనగ గుగ్గిళ్లు. బిందెలో తల్లి ఎండ్రకాయ. దాని చుట్టూ ఎర్రచీమంత పిల్లలు.

"నాకు నలుగురూ మగబిడ్డలే" అని నాగేశ్వరమ్మ వచ్చిన వాళ్లకు చెబుతోంది. "కోడండ్లు కాన్పుకు వాళ్ల పుట్టిండ్లకు పాయిరి. ఈ ఇంట్లో పురుడు చేసే రాత నాకు లేదనుకుంటి. ఇదిగో, ఇది చేయించింది."

జీవమ్మ అదంతా వింది. అయినా మొహమాటం ఆమెకు చేతకాదు. "అక్కా, దీన్ని కాలవలో ఇడ్సగూడదు. దీనికి మగోనితో పని లేదు. ఈ పిల్లలన్నీ రేప్పొద్దున తల్లులే. నాకియ్యి, తీసకపోతా."

"తీసకపోయి?"

అబద్ధం ఆడి ఉంటే అక్కడితో పని అయిపోయేది. జీవమ్మ ఆడలేదు. "చంపుతా" అంది.

ఆడవాళ్లంతా ఒక్కసారిగా "ఓమ్మో!" అన్నారు. నాగేశ్వరమ్మ బిందె తీసి చంకన పెట్టుకుంది. "బాలింతను చంపేకి ఇస్తానా? ఏం మనిషివి నువ్వు? నోట్లోంచి ఆ మాటెట్ల వచ్చె?"

అప్పుడే వచ్చాడు మద్దిలేటి, నాగేశ్వరమ్మ తమ్ముడు. బిందె కాలవదాకా మోయడానికని పిలిపించారు. ఆయనకు కాలవ కింద ఆరెకరాల వరి.

"ఏందమ్మా గొడవ?"

"అన్నా, మడి గట్టుకు ఎండ్రకాయ బొక్క పెడితే ఏం చేస్తావ్?" అని అడిగింది జీవమ్మ.

"ఏం చేస్తా, రేయంతా కావలి కాస్తా. ఒక్క బొక్క చాలు, తెల్లారేసరికి మడి ఎండిపోతాది."

"ఈ బిందెలో వందకు పైన ఉండాయి. ఏడాదికి ఒక్కొక్కటీ వందల్ని పెడ్తాది. ఈ పొద్దు నువ్వే మోసకపోయి ఇడుస్తాండావు."

మద్దిలేటి బిందెలోకి తొంగి చూశాడు, తర్వాత అక్క మొహం చూశాడు. "నా వల్ల కాదక్కా, నేను మోయను" అనేసి రాతి దిమ్మె మీద కూర్చున్నాడు.

నాగేశ్వరమ్మ మాత్రం బిందె దించలేదు. జీవమ్మ ఇక వాదించలేదు. ఆమె ఎదురుగా నేల మీద, ఆ రాతిపొడిలోనే కూర్చుంది.

"తప్పు నాదక్కా. ఒంటిదైతే పిల్లలు కావని నేనే అనుకుంటి. నాకు అన్నీ తెల్సని ఊరంతా చెప్పుకుంటి. నీ తప్పు ఇసుమంతైనా లేదు. నా తప్పును నీ చేత కాలవలో ఏయించలేను."

ఇరవై రెండేళ్లలో జీవమ్మ నోట ఆ మాట ఎవరూ వినలేదు. నాగేశ్వరమ్మకు ఆ సంగతి తెలియదు గానీ, ఎదుటి మనిషి గొంతు తెలుస్తుంది కదా. బిందె అలాగే పట్టుకుని అడిగింది. "దీని తల్లి నీ అంగట్లోనే ఉండాది గదా? నీ చేతిలో మేత తింటాదంటివే ఆ పొద్దు?"

"తింటాది."

"దాన్ని?"

జీవమ్మ ఆరిళ్లూ తలచుకుంది, ఈ బిందె తలచుకుంది, రాణి మాత్రం ఆమె లెక్కలోకే రాలేదు. అంగట్లో, తన కళ్ల ముందు, అద్దాల మధ్య భద్రంగా ఉంది కదా అనుకుంది. కానీ అంగట్లో నుంచే కదా ఏడూ పోయాయి!

"నా బిడ్డకొక న్యాయం, నీ బిడ్డకొక న్యాయమా?" అంది నాగేశ్వరమ్మ.

"లేదక్కా" అంది జీవమ్మ. "దాన్నీ అంతే."

నాగేశ్వరమ్మ బిందె ఆమె ఒళ్లో పెట్టింది.

పురుడు మాత్రం ఆపలేదు. గుగ్గిళ్లు అందరికీ పంచింది. జీవమ్మకు కొంగు నిండా పోసింది. తర్వాత దేవరాజు పాత పంచె తెచ్చి పరిస్తే, రాతి తొట్టిలో నీళ్లు చెంబు చెంబుగా దాని మీద వడగట్టారు. వడగట్టిన నీళ్లను మోరీలోకి పోనీయకుండా ఎండకు కాలుతున్న రాతిపొడి మీదే పోయించింది జీవమ్మ. తొట్టి అడుగున రాళ్ల సందుల్లోంచి ఇంకో ఇరవై తొమ్మిది దొరికాయి. బోర్లించి, గీకి, ఆరబెట్టి, రెండోసారి చూసి గానీ ఆమె లేవలేదు. అన్నింటినీ బకెట్టులోకి మార్చాక మద్దిలేటి దాన్ని బస్టాండు దాకా మోశాడు.

మర్నాడు అంగడి షట్టరు సగమే ఎత్తి లోపలికి పోయింది. ముందు రోజు తెచ్చినవాటి పని సాయంత్రమే ముగించింది. ఐసులో పెడితే ముందు నిద్రపోతాయనీ, నొప్పి తెలియదనీ ప్రియదర్శిని చెప్పింది. మిగతా ఐదిళ్లవాళ్లూ తమవి తెచ్చి ఇస్తామన్నారు. ఇంకా రాణి ఉంది.

ఆమె అడుగు వినగానే రాణి రాయి కిందనుంచి వచ్చి అద్దం దగ్గర రెండు డెక్కలూ పైకెత్తింది. తోక కింద మళ్లీ గుడ్ల గుత్తి. జీవమ్మ ఉడికించిన క్యారెట్ ముక్క దాని డెక్కకు అందించింది. తొందరపెట్టలేదు, మొత్తం తిననిచ్చింది. తర్వాత తన చేత్తోనే ఎత్తి ఐసు గిన్నెలో పెట్టింది. నాలుగేళ్లలో ఆ డెక్క ఆమె వేలిని ఎప్పుడూ కరవలేదు, అప్పుడూ కరవలేదు. బోర్డు అట్టముక్క దించి నాలుగు ముక్కలు చేసింది. ఏడుపొచ్చింది. ఏడ్చింది.

ఇంటికి పోయి నేరుగా స్నానాల గదిలోకి నడిచింది. "పొద్దునే చేసినావు గదా, మళ్లీ ఏందీ?" అని యోహాను వంటింట్లోంచి అడిగాడు. వాళ్ల ఇంట్లో మైల పట్టింపు లేదు, ఎన్నడూ పాటించలేదు. జీవమ్మ తలుపేసుకుని నెత్తిన నీళ్లు పోసుకుంది.

తల తుడుచుకుంటుంటే ఆళ్లగడ్డ ఫోను మోగింది. నాగేశ్వరమ్మ పలకరింపులేమీ పెట్టుకోలేదు.

"అయిందా?"

"అయిందక్కా."

అవతల ఉలుల చప్పుడు.

"తలకు పోసుకుంటివా?"

"పోసుకున్నా."